డ్రైవ్-ఇన్ థియేటర్: గొంతు తగ్గించుకోకుండా సినిమా చూసే చోటు

తెరమీది బొమ్మ మచ్చలేకుండా కనబడాలని, ధ్వని నాలుగు వైపుల నుంచీ చుట్టుముట్టాలని కోరుకునేవారు, కార్లలోనే కూర్చుని ఆరుబయట పెద్ద తెరమీద సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్‌కు వెళ్ళనక్కరలేదు. ఆ రెండూ ఏ మామూలు మల్టీప్లెక్స్‌లోనైనా ఇంతకంటే బాగా దొరుకుతాయి. కానీ పక్కనున్న మనిషితో మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ, పిల్లల్ని కసరకుండా, ఆకలేస్తే తింటూ, నిద్రొస్తే ఒరిగిపోతూ పెద్ద తెరమీద సినిమా చూడాలంటే మాత్రం నాకు తెలిసినంతలో దీనికి సాటి వచ్చే చోటు లేదు. అమెరికాలో, తూర్పు పెన్సిల్వేనియాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక డ్రైవ్-ఇన్‌కు మా కుటుంబం 1970ల చివరి నుంచి వెళ్తూ ఉండేది. అది ఇప్పటికీ నడుస్తోంది. ఈ వేసవిలో మా పిల్లలతో కలిసి మళ్ళీ వెళ్ళి చూసి రాస్తున్న సమీక్ష ఇది. నా చిన్నతనాన్ని పక్కన పెట్టి ఆ థియేటర్‌ను అంచనా వేయడం నాకు సాధ్యం కాదు, అలా వేయాలని కూడా లేదు.

మా అమ్మ పెళ్ళయ్యాక కృష్ణా జిల్లా నుంచి నేరుగా ఇక్కడికి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు చదవడం బాగానే వచ్చు గాని, సినిమాల్లో సగం మింగేస్తూ గబగబా పలికే మాటలు ఆ రోజుల్లో అందేవి కావు. ఊళ్ళోని సినిమా హాలుకు వెళ్ళినప్పుడు, అతనెందుకు అలా లేచి వెళ్ళిపోయాడని నాన్నను మెల్లగా అడిగేది. నాన్న చెవిలో రెండు ముక్కలు చెప్పేలోపే ముందు వరుసలో తలలు వెనక్కి తిరిగేవి. దాంతో ఆమె అడగడం మానేసి, చివరిదాకా బొమ్మలు మాత్రం చూసి ఇంటికి వచ్చేది. డ్రైవ్-ఇన్‌లో ఆ ఇబ్బంది లేదు. కారు తలుపులు వేసుకున్నామంటే అది మా ఇల్లే. నాన్న సంభాషణలన్నీ తెలుగులో చెప్పుకుంటూ పోయేవారు, అమ్మ ఒక్కొక్క పాత్ర మీద తన తీర్పు చెప్పేది, ఆ పిల్లకు బుద్ధి చెప్పేవాళ్ళే ఇంట్లో లేరా అని నిలదీసేది. వెనక సీట్లో నేనూ తమ్ముడూ ఆ తీర్పులకు నవ్వుకునేవాళ్ళం. అమ్మ మొదటినుంచి చివరిదాకా పూర్తిగా అర్థం చేసుకుని చూసిన మొదటి ఇంగ్లీషు సినిమా అక్కడ చూసిందే.

ఈ సంగతిని నేను ముందుగా చెప్పడానికి కారణం ఉంది. డ్రైవ్-ఇన్ గురించి రాసేవారు చాలామంది చుక్కల ఆకాశం గురించి, పాతకాలపు కార్ల గురించి రాసి ఆగిపోతారు. ఆ ఏర్పాటు వెనక ఉన్న అసలు ఆలోచన మాత్రం మొదటినుంచీ కుటుంబాల గురించినదే. న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్డెన్ దగ్గర రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ 1933 జూన్ 6న తొలి డ్రైవ్-ఇన్‌ను తెరిచినప్పుడు, పిల్లలు ఎంత అల్లరి చేసినా ఫరవాలేదు, కుటుంబమంతా రావచ్చునని ప్రకటనల్లో చెప్పుకున్నాడు. అంతకుముందు ఆయన తన ఇంటి పెరట్లోనే ప్రయోగాలు చేశాడు. కారు ముందుభాగం మీద ప్రొజెక్టర్ పెట్టి, చెట్లకు తెర కట్టి, ధ్వని కోసం తెర వెనక రేడియో పెట్టి చూశాడు. ముందు కారు వెనక కారుకు అడ్డం రాకుండా ఉండాలంటే ముందు చక్రాలను ఎంత ఎత్తున నిలపాలో దిమ్మల సాయంతో తేల్చుకున్నాడు. ఆ ఏర్పాటుకు 1933 మే 16న పేటెంటు కూడా వచ్చింది. నేటికీ డ్రైవ్-ఇన్ స్థలాల్లో వరుసకొక మట్టి గట్టు ఉండి, దాని మీదికి ముందు చక్రాలు ఎక్కించగానే కారు మూతి కొంచెం పైకి లేవడం ఆ పెరటి లెక్కల ఫలితమే. మా తమ్ముడికి సినిమాకంటే ఆ గట్టు ఎక్కే క్షణమే ఎక్కువ ఇష్టం. నాన్న సరిగ్గా నిలిపాక కూడా, మళ్ళీ ఒకసారి దిగి ఎక్కించమని పట్టుబట్టేవాడు.

చిన్నప్పటి సాయంత్రాలు ఇంటి దగ్గరే మొదలయ్యేవి. కారు ముందు అద్దం మీద చిన్న మరక ఉన్నా రాత్రి తెర వెలుగులో అది పెద్దదై కనబడుతుంది కాబట్టి, బయలుదేరే ముందు నాన్న నీళ్ళలో కాస్త వెనిగర్ కలిపి, పాత వార్తాపత్రికతో అద్దాన్ని లోపలా బయటా కిరకిరలాడేదాకా తుడిచేవారు. అక్కడికి చేరాక మొదటి పని స్పీకర్ చూసుకోవడం. ప్రతి రెండు కార్ల మధ్యా ఒక ఇనుప స్తంభం, దానికి రెండు వైపులా వేలాడే బూడిద రంగు లోహపు పెట్టెలు, ఒక్కొక్క దానికి ధ్వని పెంచి తగ్గించే ఒక గుండ్రటి బొత్తాం ఉండేవి. తీగతో ఉన్న ఆ పెట్టెను కిటికీ అద్దం అంచుకు తగిలించాలి. కొన్ని మోగేవి, కొన్ని బొంగురుగా గరగరలాడేవి, కొన్ని అసలు పలికేవి కావు. అందుకని తెలిసినవాళ్ళు కారు ఆపే ముందే ఒకరు దిగి పెట్టె చెవికి ఆనించి చూసి, పనికొచ్చేది దొరికాకే అక్కడ నిలిపేవారు. ఆ పని నాకు అప్పజెప్పిన ఏడాది నేను ఎంత గర్వపడ్డానో చెప్పలేను. స్పీకర్ కోసం కిటికీ అద్దం కొంత దించి ఉంచాలి, ఆ సందులోంచి దోమలు వస్తాయి. దానికి అమ్మ కనిపెట్టిన ఉపాయం పాత నూలు చీర. చీర అంచును అద్దం పైభాగానా, తలుపు సందులోనా బిగించి, స్పీకర్ చుట్టూ కుచ్చిళ్ళు సర్ది, దోమ దూరే చోటు లేకుండా చేసేది. చుట్టుపక్కల కార్లవాళ్ళు వింతగా చూసేవారు. తరువాత తరువాత పక్క కారులోని ఒక పెద్దావిడ వచ్చి ఆ గుడ్డ ఎక్కడ దొరుకుతుందని అడిగింది.

కార్లకు విడివిడిగా ఈ స్పీకర్లు అమర్చడం 1940లలో వచ్చిన మార్పు. అంతకుముందు తెర దగ్గర పెద్ద స్పీకర్లు పెట్టి అందరికీ కలిపి వినిపించేవారు, వెనక వరుసలవాళ్ళకు మాట ఆలస్యంగా చేరేది, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకు నిద్ర ఉండేది కాదు. విడి స్పీకర్లు వచ్చి, యుద్ధం ముగిసి, కార్లూ పసిపిల్లలూ ఒక్కసారిగా పెరిగిన కాలంలో డ్రైవ్-ఇన్‌లు దేశమంతా పాకాయి. 1958 ప్రాంతంలో అవి నాలుగు వేలదాకా ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు వందల చిల్లర. వేసవిలో గడియారం గంట ముందుకు జరపడం 1967 నుంచి దాదాపు దేశమంతటా అమలయ్యాక చీకటి పడటం ఆలస్యమైంది, ఊళ్ళు పెరిగి స్థలాలకు గిరాకీ వచ్చింది, ఇంట్లోకే వీడియో క్యాసెట్లు వచ్చాయి. మొత్తం మీద, ఏడాదిలో సగం రోజులు, రోజులో కొన్ని గంటలు మాత్రమే ఆదాయం ఇచ్చే పదీ పదిహేను ఎకరాలను అమ్ముకోకుండా నిలుపుకోవాలంటే యజమానికి ఆ పని మీద నిజమైన ప్రేమ ఉండాలి. మా పెన్సిల్వేనియాలోనే ఓర్‌ఫీల్డ్ అనే ఊళ్ళో 1934లో మొదలైన షాంక్‌వైలర్స్ డ్రైవ్-ఇన్ ఇంకా నడుస్తోందంటే నాకు అపారమైన గౌరవం కలుగుతుంది.

నేను హైస్కూలుకు వచ్చేసరికి రెండు మార్పులు జరిగాయి. ఒకటి, మేం వెళ్ళే చోట స్తంభాల మీది పెట్టెలను తీసేసి ధ్వనిని ఎఫ్ఎం రేడియోలో ప్రసారం చేయడం మొదలుపెట్టారు. కిటికీ పూర్తిగా మూసుకోవచ్చు, మాట స్పష్టంగా వినిపిస్తుంది. అమ్మ చీరకు ఇక పని లేకపోయింది. రెండోది, నాన్నకు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు పడటం. సెలవు రోజున కూడా సినిమా మొదలైన కాసేపటికే ఆయన స్టీరింగ్ మీదికి ఒరిగిపోయేవారు. అప్పటినుంచి అమ్మకు కథ చెప్పే పని నా మీద పడింది. ముందు సీట్ల మధ్యలోంచి తల పెట్టి, తెరమీద ఒక మాట అయ్యేలోపు దాని తెలుగు వెతుక్కుంటూ, వేళాకోళాన్ని వేళాకోళంగా, కోపాన్ని కోపంగా చెప్పాలి. నాన్న చెప్పినంత బాగా చెప్పడం లేదని అమ్మ మొహమాటం లేకుండా అనేది. ఇంట్లో బడి పుస్తకం పెట్టి ఎవరూ నాకు తెలుగు నేర్పలేదు. నేను ఇప్పుడు ఈ నాలుగు పేజీలు రాయగలుగుతున్నానంటే అందులో పెద్ద వాటా ఆ కారు వెనక సీటుది.

స్నేహితులతో వెళ్ళిన రాత్రులు వేరే రకం. అమ్మానాన్నలు కూడా అదే ఆటకు వచ్చి చివరి వరుసలో ఉంటారన్న షరతు మీద నన్ను పంపేవారు. మేం పికప్ బండిని తిప్పి నిలిపి, వెనక తొట్టిలో దుప్పట్లు పరుచుకుని పడుకుని చూసేవాళ్ళం. తలసరి టికెట్ ఉన్న రోజుల్లో డిక్కీలో దాక్కుని లోపలికి వచ్చే కుర్రాళ్ళ కథలు అందరూ చెప్పుకునేవే, అవి నిజమే. నిజం చెప్పాలంటే ఆ వయసులో చూసిన సినిమాలేవీ నాకు సరిగ్గా గుర్తులేవు. గుర్తున్నదల్లా ఎవరు ఏ కాలేజీకి వెళ్తారు, ఎవరు ఊళ్ళోనే ఉండిపోతారు అన్న మాటలు. రెండో సినిమా మొదలయ్యేసరికి అందరం ఆ మాటల్లోకే వచ్చేవాళ్ళం. మూసిన హాలులో అయితే అలాంటి మాటలకు వీలు దొరికేదే కాదు.

ఇక ఇప్పటి సంగతి. 2013 ప్రాంతంలో స్టూడియోలు ఫిల్ము రీళ్ళు పంపడం మానుకోవడంతో డిజిటల్ ప్రొజెక్టర్ కొనలేని డ్రైవ్-ఇన్‌లు కొన్ని మూతపడ్డాయి. ఒక్కొక్క తెరకు 70,000 డాలర్లు, అంతకు పైన కూడా ఖర్చయిందట. ఇక్కడివారు ఆ ఖర్చు భరించి నిలబడ్డారు. 2020లో హాళ్ళన్నీ మూతపడినప్పుడు మళ్ళీ జనం కార్లతో బారులు తీరారు, అప్పుడు అలవాటైన కుటుంబాల్లో కొన్ని ఇంకా వస్తున్నాయి. బొమ్మ నా చిన్నప్పటికంటే నిలకడగా ఉంది, అంచులు చెదరడం లేదు. వెలుగు మాత్రం తక్కువే. అంత దూరం నుంచి అంత పెద్ద తెరమీద పరచుకునే కాంతి పలచబడక తప్పదు, వెన్నెల రాత్రి అయితే మరీ. చీకటి దృశ్యాలు ఎక్కువగా ఉన్న సినిమాకు వెళ్తే సగం ఊహించుకోవలసి వస్తుంది. రంగులు నిండుగా ఉన్న పిల్లల సినిమా అయితే ఏ లోటూ తెలియదు.

నాకు నచ్చనివి దాచను. మరుగుదొడ్లు శుభ్రంగానే ఉన్నాయి గాని, రెండు ఆటల మధ్య విరామంలో ఆడవాళ్ళ వరుస మరీ పొడవు, ఆ విరామం చాలదు. తెర కింద నా చిన్నప్పుడు ఉన్న ఉయ్యాలలు, జారుడుబల్ల తీసేసి, ఆ స్థలాన్ని ఎక్కువ డబ్బు ఇచ్చేవారికి ముందు వరుసగా మార్చారు. చీకటి పడేదాకా ఎదురుచూడాల్సిన పసివాళ్ళకు ఆ గంటన్నర గడిచేది అక్కడే. దాన్ని తీసేయడం నాకు బాధ కలిగించింది, నిర్వాహకులకు ఆ మాట నేరుగా చెప్పి వచ్చాను. బయటి తిండి తెచ్చుకుంటే కొంత రుసుము కట్టించుకుంటున్నారు. దానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు. టికెట్ డబ్బులో అధికభాగం సినిమా పంపిణీదారులకే పోతుంది, థియేటర్ నిలిచేది క్యాంటీన్ మీదే. మేం పులిహోర తీసుకెళ్ళి రుసుము కట్టాం, పాప్‌కార్న్ కూడా కొన్నాం.

వెళ్ళాలనుకునేవారికి నేను చెప్పగలిగినవి ఇవి. జూన్ చివర ఇక్కడ సూర్యాస్తమయం ఎనిమిదిన్నర దాటాకే కాబట్టి ఆట తొమ్మిది ప్రాంతంలో గాని మొదలుకాదు, రెండు సినిమాలూ చూస్తే ఒంటిగంట దాటుతుంది. చిన్నపిల్లలు ఉంటే ఆగస్టు చివర గాని సెప్టెంబరులో గాని వెళ్ళడం మేలు. చీకటి త్వరగా పడుతుంది, దోమలూ తగ్గుతాయి. పిల్లలకు ఇంటి దగ్గరే పడుకునే బట్టలు వేసి తీసుకెళ్తే, తిరిగి వచ్చాక ఎత్తుకుని మంచం మీద వేస్తే చాలు. ఎత్తైన బండ్లను వెనక వరుసలకో పక్కలకో పంపుతారు, దానికి సిబ్బందితో వాదించవద్దు. వెనక తలుపు ఎత్తి చూసేవారు దాన్ని కారు కప్పు ఎత్తుకు మించకుండా తాడుతో కట్టాలి, తాడు వాళ్ళే ఇస్తారు. ఇప్పటి కార్లలో దీపాలు వాటంతట అవే వెలుగుతాయి, రేడియో కొంతసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. అందుకని దీపాలు ఆర్పే పద్ధతి ఇంటి దగ్గరే నేర్చుకుని, బ్యాటరీతో నడిచే చిన్న ఎఫ్ఎం రేడియో ఒకటి వెంట తీసుకెళ్ళండి. కారు బ్యాటరీ దిగిపోతే సిబ్బంది వచ్చి స్టార్ట్ చేసి పెడతారు, దానికి డబ్బు తీసుకోరు. పెద్దవాళ్ళను, ముఖ్యంగా ఇక్కడికి కొత్తగా వచ్చిన అమ్మానాన్నలను, అత్తమామలను తప్పకుండా తీసుకెళ్ళండి. వాళ్ళ పక్క సీట్లో కథ చెప్పడం వచ్చిన మనవడినో మనవరాలినో కూర్చోబెట్టండి.