కోడ్‌ఫోర్సెస్ జిమ్‌లో టీమ్ ప్రాక్టీస్: కాలేజీ అయిపోయేదాకా వాడాక నా సమీక్ష

ఇంజినీరింగ్ రెండో సంవత్సరం నుంచి చివరి సెమిస్టర్ దాకా మేం ముగ్గురం వదలకుండా వాడింది కోడింగ్ పోటీల వెబ్‌సైట్ కోడ్‌ఫోర్సెస్‌లో, పాత పోటీలు ప్రాక్టీస్ చేసుకునే జిమ్ విభాగం. కాలేజీ టీమ్‌ల అంతర్జాతీయ ప్రోగ్రామింగ్ పోటీ ఐసీపీసీ పాత రీజినల్ రౌండ్లు చాలా అక్కడ దొరుకుతాయి. టీమ్‌గా వర్చువల్ (పాత పోటీని ఇప్పుడే జరుగుతున్నట్టు టైమ్ పెట్టుకుని రాయడం) మొదలుపెడితే, అప్పట్లో నిజంగా రాసిన టీమ్‌ల స్కోర్లు కూడా మన గడియారంతో పాటే కదులుతాయి. గంట గడిచేసరికి వాళ్ల మధ్య మనం ఎక్కడున్నామో కనబడుతుంది. హనుమకొండలో ఒక అద్దె గదిలో, పైసా ఖర్చు లేకుండా ఈ పోటీ దొరకడం మామూలు విషయం కాదు. నాకు దీనివల్ల కోడింగ్ వచ్చింది నిజమే. అంతకంటే ఎక్కువగా ఇద్దరు దోస్తులు దక్కారు.

ఐసీపీసీలో ముగ్గురికి ఒకటే కంప్యూటర్, ఐదు గంటల టైమ్. జిమ్‌లో మూడు ల్యాప్‌టాప్‌లు తెరిచినా అడిగేవాళ్లు లేరు, కానీ మేం ఒక్కటే తెరిచేవాళ్లం. వాడేవాళ్లందరికీ నా మొదటి సలహా ఇదే. ఒకరు టైప్ చేస్తుంటే మిగతా ఇద్దరికీ కాగితమే దిక్కు. చివరికి సాల్వ్ అయిన ప్రశ్నలో ముందు చేసిన ప్రతి తప్పు సబ్మిషన్‌కీ (పంపిన కోడ్‌కీ) 20 నిమిషాల పెనాల్టీ పడుతుంది కాబట్టి తొందరపడి పంపలేం. రాంగ్ ఆన్సర్ వస్తే మా మంచిర్యాల దోస్తు, "లే ఇగ, నాకియ్యి. నువ్వు పేపర్ మీద సూడు" అనేవాడు. అలా లేచి కీబోర్డ్ ఇవ్వడం మొదట్లో చాలా కష్టం. నేను లేచాక నా ప్రశ్నను వాళ్లు తమదిగా చూసుకుంటారన్న నమ్మకం కుదిరాకే అది తేలికైంది.

మూడో మనిషి కరీంనగర్ అమ్మాయి, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రతి ప్రశ్నా చదివి మాకు తెలుగులో చెప్పేది. మేం సబ్‌సీక్వెన్స్ (మధ్యలో కొన్ని వదిలేసి వరసగా తీసుకోవడం) అనుకున్నచోట "పక్కపక్కన ఉన్నయే తీస్కోవాలె" అని ఆమె అంటే మా దారే మారిపోయేది. ఎన్ (ఇన్‌పుట్ సైజు) రెండు లక్షలుంటే లూపులో లూపు పెట్టొద్దనేది, ఎందుకంటే అది 4,000 కోట్ల సార్లు తిరుగుతుంది. ఇంట్ అనే సంఖ్యల టైప్‌లో పట్టేది దాదాపు 214 కోట్లే కాబట్టి, ఇంకా పెద్దవి పట్టే లాంగ్ లాంగ్ పెట్టామా లేదా అని సబ్మిట్ చేసేముందు అడగడం కూడా ఆమె పనే.

రేటెడ్ రౌండ్లు (ఎవరికి వాళ్లు రాసే, ఫలితాన్ని బట్టి రేటింగ్ పెరిగే లేదా తగ్గే పోటీలు) కూడా రాశాం. అవి ఎక్కువగా రాత్రి 8:05కి మొదలవుతాయి, హాస్టల్‌లో ఉండే మా ఇద్దరికీ అది మెస్ టైమ్. వేగం పెరగాలంటే అవి కావాలి. కాకపోతే రేటింగ్ పడిన రాత్రి ఆ టెన్షన్ ఒక్కరమే మోయాలి. టీమ్ కాంటెస్ట్ చెడిపోతే ముగ్గురం చాయ్ తాగుతూ అదే ప్రశ్న మీద వాదించుకునేవాళ్లం.

జిమ్‌కు లోపాలున్నాయి. మామూలు అకౌంట్‌కు మన కోడ్‌ను పరీక్షించే టెస్టులు కనబడవు, ఇతరుల కోడ్ కూడా కనబడదు. చాలా పోటీలకు జవాబుల వివరణలు ఉండవు. 17వ టెస్టులో తప్పని వస్తుంది, ఆ టెస్టులో ఏముందో తెలియదు. దీనికి మేం పట్టిన దారి: ఒకరు నిదానంగా నడిచినా కచ్చితంగా సరైన జవాబిచ్చే కోడ్ రాయాలి, ఇంకొకరు చిన్న చిన్న ఇన్‌పుట్‌లు యాదృచ్ఛికంగా పుట్టించాలి, రెండు కోడ్‌ల జవాబులూ ఎక్కడ తేడా కొడుతున్నాయో చూడాలి. కొన్నిసార్లు సాయంత్రమంతా పట్టేది. మాలో ఎవరు ఎంత ఓపిక గలవాళ్లో తెలిసింది అప్పుడే.

దూరంగా ఉండి చేయడం మాకు కుదరలేదు. బతుకమ్మ సెలవుల్లో మూడు ఊళ్ల నుంచి కాల్‌లో ప్రయత్నించాం. గీసి చూపించే కాగితం లేకుండా గ్రాఫ్ (చుక్కలు, వాటిని కలిపే గీతలు) ప్రశ్న గురించి మాట్లాడుకోవడం మా వల్ల కాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రేటింగ్ చూసి టీమ్ కట్టకండి. తన ఐడియా తప్పని తేలినా మొహం మాడ్చుకోకుండా పక్కవాళ్ల ప్రశ్న చదివేవాళ్లను వెతుక్కోండి. పోటీ ఎంచుకునేటప్పుడు స్కోర్‌బోర్డు చూసి, మధ్యలో ఉన్న టీమ్‌లు నాలుగైదు ప్రశ్నలు చేసినదాన్ని తీసుకోండి. ప్రశ్నలు ఎక్కువగా పీడీఎఫ్‌లో ఉంటాయి. జిరాక్స్ షాపులో మూడు కాపీలు తీయించుకుంటే ల్యాప్‌టాప్ టైప్ చేసేవాళ్లకు ఖాళీగా ఉంటుంది. ఐదు గంటలయ్యాక వెంటనే లేవకుండా, మిగిలినవాటిలో ఒక్కటైనా అదే రోజు కలిసి పూర్తిచేయండి.