లేత్ మిషన్‌కి ఏ కవరు? కొన్నేళ్ల వాడకం తర్వాత

తీరపు ఊళ్లో, రేకుల షెడ్డులో ఉన్న బెంచ్ లేత్‌కీ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్) డ్రిల్లింగ్ మిషన్‌కీ రకరకాల కవర్లు వేసి చూశాక నా ఓటు కోరా కాన్వాస్‌కే, అంటే రంగు వేయని మందపాటి నూలు గుడ్డకే.

కవరు ఆపేది దుమ్మునే, తుప్పును ఆపాల్సింది నూనె. ఇది పట్టించుకోకుండా చాలామంది పాలిథిన్ షీటు కప్పి, కింద తాడు బిగించేస్తారు. 30 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే, సుమారు 26 డిగ్రీలకు చల్లబడిన ఇనుము మీద చెమ్మ పడుతుంది. లేత్ బెడ్డు, అంటే మిగతా భాగాలు జరిగే పోత ఇనుము దిమ్మ, రాత్రి చల్లదనాన్ని అంత తొందరగా వదలదు. షీటు కింద పట్టిన ఆ చెమ్మకు ఆరే దారే ఉండదు. పైగా గచ్చులోంచి ఎక్కే తేమ ఒకటి.

రెగ్జిన్ చూడ్డానికి బాగుంటుంది. కానీ నూనె తగిలేకొద్దీ బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది, ఎండాకాలంలో మిషన్ పెయింటుకు అతుక్కుంటుంది. టార్పాలిన్ పట్టా ఎండకు పొట్టు రాలి లీడ్ స్క్రూలో (పనిముట్టును బెడ్డు పొడవునా నడిపే పొడవాటి మరలో) చేరుతుంది. కోటింగ్ ఉన్న నైలాన్ తేమకి కొన్నాళ్లలో జిగురుగా మారుతుంది, గ్రైండింగ్ రవ్వ పడితే చిల్లే.

కాన్వాస్ 300 నుంచి 400 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) మధ్య తీసుకోండి. కత్తిరించే ముందే వేడినీళ్లలో ఉతికి ఆరబెట్టాలి. గంజి పోతుంది, కుదించుకుపోయేదంతా అప్పుడే కుదించుకుపోతుంది. ఉతక్కుండా కుట్టిస్తే మీటరుకి ఐదారు సెంటీమీటర్లు తగ్గి, మొదటి ఉతుకుతోనే పొట్టిదవుతుంది. వెడల్పులో నాలుగంగుళాలు వదులు ఉంచి, కింది అంచు నేలకి మూడంగుళాల పైనే ఆపాలి, గాలి ఆడాలి కదా. క్రాస్ స్లైడ్ (పనిముట్టును అడ్డంగా జరిపే భాగం) హ్యాండిల్ రాసుకునే చోట లోపల పాత జీన్స్ ముక్క వేసి కుట్టించండి, ముందు చిరిగేది అక్కడే.

దీనికీ ఒక లోపం ఉంది. గుడ్డ తేమ పీల్చుకుంటుంది. తడి కాన్వాస్ బెడ్డుకి ఆనుకుంటే, నేత గళ్లు గళ్లుగానే తుప్పు అచ్చు పడుతుంది. అందుకే చిప్పులు (కోతలో రాలిన లోహపు ముక్కలు) బ్రష్‌తో ఊడ్చి, 68 గ్రేడు స్లైడ్‌వే నూనె (మిషన్ జారే భాగాలకు వాడే నూనె) పలచగా రాసి, బెడ్డు మీద నూనె కాగితం పరిచాకే కవరు వేయాలి. వానాకాలంలో వారానికోసారి ఎత్తి చూడాలి, పొడి ఎండ ఉన్న రోజు కాసేపు తీసే ఉంచాలి.

గ్రైండర్ కవరు మాత్రం లేత్ మీదకి ఎప్పుడూ వాడొద్దు. ఎంత దులిపినా రాపిడి పొడి నేతలో ఉండిపోయి బెడ్డు మీద రాలుతుంది, స్లైడ్లను అరగదీస్తుంది. రెండూ కలవకుండా గ్రైండర్ కవరు వేరే రంగు గుడ్డతో కుట్టించండి.