ఆపిల్ పాట, రైల్వే స్టేషన్ పాట

యుద్ధం తర్వాతి జపాన్ ఎలా మారిందో పాటల్లో వినాలంటే ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని వినాలి.

‘రింగో నో ఉతా’ అంటే ఆపిల్ పాట. దేశం ఓడిపోయి రెండు నెలలు తిరక్కుండానే, 1945 అక్టోబరులో ఒక సినిమాలో వచ్చింది. పాడిన నమికి మిచికో ఆ ఏడాదే టోక్యో బాంబు దాడిలో తల్లిని పోగొట్టుకుంది. అయినా గొంతులో ఏడుపు లేదు. ఎర్రటి ఆపిల్, పైన నీలాకాశం, అంతే. యుద్ధం ఊసే ఎత్తదు. ఇళ్లు కాలిపోయి, రేషన్ బియ్యం చాలక, జనం బ్లాక్ మార్కెట్ల చుట్టూ తిరుగుతున్న రోజులవి. అంత ఆకలిలో ఒక పండు మీద పాట వస్తే దేశమంతా పాడుకుంది!

రెండోది ‘ఆ ఉయెనో ఎకి’, అంటే ‘ఆహా, ఉయెనో స్టేషన్’. 1964, టోక్యో ఒలింపిక్స్ జరిగిన ఏడాది. పాడిన ఇజావా హచిరోది ఆపిల్ తోటలకు పేరుపడ్డ అవొమోరి. ఇక్కడ బాధ ఆకలిది కాదు, ఇల్లు విడిచిన దిగులు. ఉత్తరాది పల్లెల్లో మిడిల్ స్కూల్ ముగించిన పదిహేనేళ్ల పిల్లలు ప్రత్యేక రైళ్లలో వచ్చి టోక్యోలోని ఉయెనో స్టేషన్‌లో దిగేవారు. అక్కడి నుంచి ఫ్యాక్టరీలకు, దుకాణాలకు పనికి. వాళ్లను ‘బంగారు గుడ్లు’ అనేవారు. తక్కువ జీతానికి దొరికే పిల్లలకు ఆ పేరు పెట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు.

మొదటి పాట అందరికీ ఊరట. నాకు మాత్రం రెండోదే దగ్గర, ఎందుకంటే అందులోని దిగులుకు ఒక చిరునామా ఉంది. ఉయెనో స్టేషన్ బయట ఆ పాట పేరిట స్మారకం ఇప్పటికీ నిలబడి ఉంది.