మద్యం, మత్తు పదార్థాలపై కంపెనీ పాలసీ గురించి ఉద్యోగులకు శిక్షణ: రెడీమేడ్ కోర్సు కొనాలా, మనమే తయారు చేసుకోవాలా?

విశాఖ దగ్గర గాజువాక, పరవాడ వైపు కంపెనీలు ఈ ప్రశ్న అడిగితే నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

రెడీమేడ్ కోర్సు కొంటే వారంలో మొదలుపెట్టవచ్చు. ఎవరు పూర్తి చేశారో రికార్డూ దానంతటదే వస్తుంది. అంతవరకు మంచిదే. కానీ చాలావాటిలో విదేశీ చట్టాలు, ఆఫీసు పార్టీల ఉదాహరణలే ఉంటాయి. తెల్లవారుజామున ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కే మనిషికి అవి ఏం పనికొస్తాయి?

సొంతంగా చేస్తే నెలలు పట్టొచ్చు. హెచ్‌ఆర్, సేఫ్టీ ఆఫీసర్, యూనియన్, లాయరు కలిసి కూర్చోవాలి. అయితే మన చట్టమే చెప్పొచ్చు: 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాల్ ఉంటే బండి నడపడం నేరం. గంజాయికి 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం ఉంది. రాత్రి తాగింది పొద్దునకు పూర్తిగా దిగకపోవచ్చని, కొన్ని దగ్గు మందులు, అలర్జీ మాత్రలతో కూడా మగత వస్తుందని తెలుగులో, ఫోన్లో చూసేలా చిన్న పాఠాలుగా పెట్టొచ్చు. కాంట్రాక్టు కార్మికులకూ ఇవి అందాలి. వాళ్లను వదిలేస్తే కోర్సు ఉండీ లేనట్టే.

అన్నిటికన్నా ముఖ్యం, "నాకు సాయం కావాలి" అని తనంతట తానే చెప్పుకున్న ఉద్యోగిని కంపెనీ ఏం చేస్తుంది? దీనికి జవాబు కొన్న కోర్సులో దొరకదు, మీ పాలసీలోనే ఉండాలి. ఆ పాఠంలో 14446 డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ నంబరు తప్పక పెట్టండి.