అవుట్‌బోర్డ్ లోయర్ యూనిట్‌లోకి నీళ్లు: సీళ్లు మార్చాలా, గేర్లు విప్పాలా, పాత యూనిట్ కొనాలా?

పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ ఇంజిన్‌లో, నీళ్లలో మునిగి ప్రొపెల్లర్‌ను తిప్పే గేర్ల పెట్టే లోయర్ యూనిట్. దాని కింది డ్రెయిన్ బోల్ట్ విప్పగానే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో దిగితే లోపలికి నీళ్లు చేరినట్టే. హుస్సేన్ సాగర్ లాంటి నీళ్లలో గుర్రపుడెక్క వేర్లు, నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక చుట్టుకుని సీల్ లిప్‌ను (షాఫ్ట్‌కు ఆనుకుని నీళ్లను ఆపే రబ్బరు అంచు) కోసేస్తాయి. అప్పుడు మూడు దారులుంటాయి. ఖర్చు లెక్క వేసే ముందు ఆ ఆయిల్ ఏం చెబుతోందో చూడండి.

బోల్ట్‌కు అయస్కాంతం ఉంటే దానికి అంటిన సన్నటి బూడిద రంగు ముద్ద అరుగుదల మాత్రమే, భయం లేదు. వేలికి గుచ్చుకునే ముక్కలు వస్తే గేర్ పళ్లో, బేరింగో పోయాయి. సీళ్లు మార్చినా ఫలితం ఉండదు.

ముక్కలు లేకపోతే ఆయిల్ మొత్తం దించి, పై బోల్ట్ బిగించి, కింది రంధ్రానికి గేజ్ ఉన్న చేతిపంపు తగిలించండి. ముందు 3–5 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత), తర్వాత 10 వరకు ఎక్కించండి. 15 దాటించొద్దు, మంచి సీల్ కూడా లేచిపోవచ్చు. ఐదు నిమిషాలు ముల్లు కదలకూడదు. ఈలోగా షాఫ్ట్‌లను చేత్తో తిప్పుతూ ఉండండి, కొన్ని లీకులు తిప్పినప్పుడే బయటపడతాయి. యూనిట్‌ను నీళ్ల డ్రమ్ములో ముంచితే బుడగలే చోటు చూపిస్తాయి. బుడగ పై బోల్ట్ దగ్గరే వస్తే కొత్త వాషర్ చాలు. మూడు దారుల్లో ఒక్కటీ అక్కర్లేదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర వస్తే సీళ్లు మార్చడమే మేలు, ఇంట్లో చేసుకోగల పని. సీల్ మీద ముద్రించిన మూడు అంకెలు (లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం) రాసుకుని వెళితే రాణిగంజ్‌లో జత దొరుకుతుంది. లిప్‌ను బిగించి ఉంచే స్ప్రింగ్ మాత్రం స్టెయిన్‌లెస్‌దే అడగండి, మామూలుది తుప్పు పట్టి లిప్‌ను వదిలేస్తుంది. సాధారణంగా రెండు సీళ్లుంటాయి. కొన్ని మోడళ్లలో ఒకటి లోపలికి, ఒకటి బయటికి చూస్తుంది, కొన్నింట్లో రెండూ బయటికే. తీసేటప్పుడే ఫొటో తీసుకోండి. సీల్ కూర్చునే చోట షాఫ్ట్ మీద గోరు ఆడించండి. గాడిలో గోరు పడితే కొత్త సీలూ కారుతుంది. కాస్త లోతుగానో పైకో కూర్చోబెడితే లిప్ గాడి మీద పడదు. హౌసింగ్ ఓ-రింగ్ కూడా కొత్తదే వేయాలి. లిప్‌ల మధ్య గ్రీజు నింపండి.

ఎక్కువగా తప్పు జరిగేది తిరిగి ఎక్కించేటప్పుడే. డ్రైవ్ షాఫ్ట్ (ఇంజిన్ నుంచి కిందికి దిగే నిలువు షాఫ్ట్) స్ప్లైన్ అనే గాళ్ల పక్కలకు సన్నగా గ్రీజు రాయండి గానీ పై కొన మీద పెట్టొద్దు. అక్కడ గ్రీజు ఇరుక్కుంటే షాఫ్ట్ పూర్తిగా పైకి కూర్చోదు. ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల గొట్టం పంపు నోట్లో దిగిందో లేదో చూడండి, దిగకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి ఇంపెల్లర్ (ఆ పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం) కూడా మార్చేయండి. ఆయిల్‌ను పైనుంచి కాదు, కింది రంధ్రం నుంచి ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా పొంగాక ముందు పై బోల్ట్, తర్వాత కిందిది బిగించాలి. కొన్ని గంటలు నడిపాక కింది బోల్ట్ కాస్త వదులు చేసి రంగు మళ్లీ చూడండి.

గేర్లు మార్చడం ఇంటి పని కాదు. పినియన్ (డ్రైవ్ షాఫ్ట్ కింది కొనన ఉండే చిన్న గేర్) ఎత్తు, పళ్ల మధ్య ఖాళీ షిమ్‌లనే పలుచటి రేకు వాషర్లతో సరిచేయాలి. అందుకు ఆ మోడల్ గేజ్ కావాలి. అంచనాతో షిమ్ వేస్తే కొత్త గేర్లు ఊళ వేస్తూ అరిగిపోతాయి.

అందుకే ముక్కలు కనిపించిన యూనిట్‌కు మంచి సెకండ్ హ్యాండ్ యూనిట్ వెతకడమే నయం. డబ్బు ఇచ్చే ముందు షాఫ్ట్ పొడవు కొలవండి. గేర్ వేసి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఒక్క చుట్టు తిరగడానికి డ్రైవ్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో మీ పాతదానితో పోల్చండి. తేడా ఉంటే వదిలేయండి. అమ్మేవాళ్ల ముందే 10 పిఎస్ఐ గాలి పెట్టి చూడండి. ఒప్పుకోకపోతే ఆ యూనిట్ తీసుకోవద్దు.