విశాఖ ఉక్కపోతలో ట్రయిల్ కెమెరా: దుప్పుల కోసం కొనేముందు

ట్రయిల్ కెమెరా అంటే చెట్టుకు కట్టి వదిలేస్తే, జంతువు ఎదురుగా వచ్చినప్పుడు తనంతట తానే ఫొటో తీసేది. ఆన్‌లైన్‌లో పదివేల లోపు దొరికేవి దాదాపు అన్నీ ఒకే అచ్చు. నాలుగో ఎనిమిదో ఏఏ బ్యాటరీలు, ఎస్డీ కార్డు, చెట్టుకు బిగించే పట్టీ, రాత్రి ఫొటోలకు ముందు పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) దీపాలు. వీటికి పెద్ద గిరాకీ అమెరికా వేటగాళ్ల దగ్గర. విల్లు వేట సీజన్ తెరవకముందే తెల్లతోక జింక ఏ దారిన, ఏ వేళ నడుస్తోందో కనిపెట్టడానికి వాడతారు. ఫొటో కింద చంద్రకళ, ఫారెన్‌హీట్ అంకె అందుకే ఉంటాయి. మన దగ్గర దుప్పిని వేటాడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొండవార జీడితోట ఉన్నవాళ్లకూ, సర్వే చేసే విద్యార్థులకూ మాత్రం పనికొచ్చే సరుకే. కంబాలకొండ అభయారణ్యంలో కట్టాలంటే ముందు అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి.

అసలు చిక్కు ఎండతో. ఫొటో ఎప్పుడు తీయాలో కెమెరాకు చెప్పే సెన్సర్ జంతువును చూడదు, దాని ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ మధ్య తేడాను పట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం బండరాయి కూడా దుప్పి అంత వేడెక్కుతుంది, ఇక తేడా ఎక్కడిది? జంతువు ఎదురుగా నడిచినా కెమెరా ఫొటో తీయదు. కార్డు ఖాళీగా ఉందని దుప్పులు రావట్లేదనుకుంటే పొరపాటే. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగితే దీనికి రివర్సు: వందలకొద్దీ ఖాళీ ఫొటోలు. కెమెరా ముందు మూడు, నాలుగు మీటర్ల మేర గడ్డి కోయండి. ముఖం ఉత్తరానికి తిప్పండి, తూర్పు, పడమరలు వద్దు. ఎత్తు నేల నుంచి 75–90 సెంటీమీటర్లు చాలు. దారికి అడ్డంగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా పెడితే జంతువు ఎక్కువసేపు చట్రంలో ఉంటుంది. అట్టపెట్టె మీద రాసిన దూరంలో సగమే నమ్మండి.

మెగాపిక్సెళ్లూ అంతే. పెద్ద అంకె చాలావరకు సాఫ్ట్‌వేర్ సాగదీసినదే. రాత్రి ఫొటోలో నడిచే దుప్పి కాళ్లు చెదిరిపోతాయి, కొమ్ముల పంగలు లెక్కపెట్టడం కష్టం. దీపాలు 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవైతే వెలుగు దూరం పోతుంది గానీ ఎర్రగా మెరుస్తాయి. 940వి కంటికి ఆనవు, దూరం తగ్గుతుంది. మనుషులు తిరిగే తోట గట్టుకు 940 మేలు, దొంగకు కనబడదు.

బ్యాటరీల దగ్గర పొదుపు చేయొద్దు. రీచార్జి సెల్లు 1.2 వోల్టులే, కొన్ని మోడళ్లలో రాత్రి వెలుగు ముందే తగ్గిపోతుంది. ఏఏ లిథియం సెల్లు ఖరీదెక్కువైనా ఎక్కువ కాలం నిలుస్తాయి. వీడియో ఆపేసి, వెంటవెంటనే మూడు ఫొటోలు తీసే బరస్టు పెడితే బ్యాటరీ మిగులుతుంది. సెల్లు మార్చినప్పుడల్లా గడియారం చూడండి. ఏఎం, పీఎం తారుమారైతే రాత్రి వచ్చిన దుప్పులు పట్టపగలు మేస్తున్నట్టు లెక్క తేలుతుంది. కొన్నిట్లో తేదీలో రోజు కన్నా నెల అంకె ముందు వస్తుంది, అది కూడా మార్చుకోండి.

సముద్రపు తేమకు లెన్సు లోపల ఆవిరి పడుతుంది. సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పడేసి, రబ్బరు అంచు శుభ్రంగా తుడిచి మూయాలి. ఆ అంచు సందులోంచే చీమలు దూరి గూడు కడతాయి.

వైఫై మోడల్‌కు అదనంగా డబ్బు పెట్టొద్దు. కొన్ని మీటర్ల దగ్గరకెళ్తే తప్ప ఫోన్‌కు అందదు, బ్యాటరీ తినేస్తుంది. ఆ డబ్బుతో రెండో కార్డు, ఇంకో సెట్టు సెల్లు కొనండి.