‘పాస్ గ్యారంటీ’ అని ఎఫ్‌ఎంజీఈ కోచింగ్‌కి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

విదేశాల్లో ఎంబీబీఎస్ చేసి వచ్చి, ఇక్కడ డాక్టరుగా పని చేయాలంటే పాసవ్వాల్సిన ఎఫ్‌ఎంజీఈ కోసం హైదరాబాద్‌లో కోచింగ్ వెతుక్కుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ, వాళ్లకు డబ్బు కట్టే అమ్మానాన్నలకీ ఈ పోస్ట్. నేను కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో చదివాను. అమీర్‌పేటలో ఒక సెంటర్‌లో ‘పాస్ గ్యారంటీ’ ప్యాకేజీ తీసుకున్నాం. ఫీజు 85 వేలు, హాస్టల్ ఖర్చు వేరే. వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తోంది కాబట్టి సెంటర్ పేరు రాయడం లేదు. కామెంట్లలో అడిగినా చెప్పను. అయినా ఇలాంటి ప్యాకేజీ ఆ ఒక్కచోటే అమ్ముతున్నారనుకోకండి.

చేర్చుకునేటప్పుడు కౌన్సెలర్ నాతో మాట్లాడిందే లేదు. మాటలన్నీ నాన్నతోనే. "అంకుల్, మీరు అస్సలు టెన్షన్ పడకండి. పాప పాస్ కాకపోతే మీ డబ్బు మీకు వాపస్. కావాలంటే రాసిస్తాం" అని బల్లగుద్ది చెప్పాడు. రాసిచ్చారు కూడా. మెలికంతా ఆ రాసిచ్చిన కాగితంలోనే ఉంది. దాన్ని ఫీజు కట్టాక, ఐడీ కార్డుతో పాటు ఇచ్చారు.

అందులో ఉన్న షరతులివి. బయోమెట్రిక్ హాజరు 95 శాతం ఉండాలి. యాప్‌లో ప్రతి వీడియో చివరిదాకా చూసినట్టు రికార్డు ఉండాలి. ఫలితాలు వచ్చిన వారంలోపు అప్లికేషన్ పెట్టాలి. అన్నిటికన్నా అసలైనది, వాళ్లు పెట్టే ప్రతి గ్రాండ్ టెస్టులోనూ (అసలు పరీక్షలాగే పెట్టే మాక్ టెస్టు) 300కి 180 దాటాలి. అసలు పరీక్షలో పాస్ మార్కు 150. నెగెటివ్ మార్కులు లేవు. ప్రతి టెస్టులో 180 తెచ్చుకునేవాడికి వీళ్ల గ్యారంటీతో పనేంటి? వాడు ఎలాగూ పాసవుతాడు. తక్కువ తెచ్చుకున్నవాడికేమో గ్యారంటీ వర్తించదు. అంటే డబ్బు వెనక్కి ఇవ్వాల్సిన అవసరమే రాకుండా రాసుకున్న గ్యారంటీ అది. నాకు ఆ సెషన్‌లో 141 వచ్చాయి. నాన్న రీఫండ్ కోసం కాళ్లరిగేలా తిరిగితే, ఒక గ్రాండ్ టెస్టులో 172 వచ్చిందని చూపించి, "రూల్ రూలే కదా అంకుల్, కావాలంటే వచ్చే బ్యాచ్‌లో ఫ్రీగా కూర్చోమనండి" అన్నారు.

డబ్బు సంగతి అలా ఉంచండి. నాకు ఎక్కువ మండింది వాళ్ల నోట్సు చూశాక.

మనలాంటివాళ్లకు కోచింగ్ నిజంగా ఎక్కడ అవసరమో చెప్తాను. అనాటమీ ఏ దేశంలో చదివినా అనాటమీయే. కానీ పీఎస్‌ఎంలో (ప్రజారోగ్యం సబ్జెక్టు) మన జాతీయ ఆరోగ్య కార్యక్రమాలు, ఫోరెన్సిక్‌లో మన చట్టాలు బయటి దేశంలో ఎవరూ చెప్పరు. పీఎస్‌ఎంకి 30 మార్కులు, ఫోరెన్సిక్‌కి 10. ఆ 40 మార్కులకు మనం పూర్తిగా ఇక్కడి నోట్సు మీదే ఆధారపడతాం. సరిగ్గా అక్కడే వీళ్లు పాత సరుకు అంటగట్టారు.

స్పైరల్ బైండింగ్, పైన హోలోగ్రామ్ స్టిక్కర్, లోపల మాత్రం ఏ కాలం నాటివో తెలియని జిరాక్సు పేజీలు. టీబీ పేజీ తీస్తే పైన పెద్ద అక్షరాలతో ‘ఆర్‌ఎన్‌టీసీపీ’ అని ఉంది. ఆ జాతీయ టీబీ కార్యక్రమం పేరు 2020లోనే ఎన్‌టీఈపీగా మారింది. పేరొక్కటే పాతదైతే సర్దుకుపోవచ్చు. కింద కేటగిరీ 1, కేటగిరీ 2 అని టేబుల్ వేసి, వారానికి మూడుసార్లు మందులు అని రాసి ఉంది. ఇప్పుడు రోజూ ఇస్తారు, కేటగిరీ 2 అనేదే లేదు. చివరి నాలుగు నెలల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్‌తో పాటు ఇథాంబుటాల్ కూడా కొనసాగిస్తారు. నోట్సులో మొదటి రెండే ఉన్నాయి. ఆ టేబుల్ బట్టీ పట్టినవాడు కరెక్ట్ ఆప్షన్‌ని వదిలేసి తప్పు ఆప్షన్‌ని ధైర్యంగా నొక్కి వస్తాడు.

టీకాల పేజీలో ఎఫ్‌ఐపీవీ (పోలియో ఇంజెక్షన్ టీకా) రెండు డోసులే. తొమ్మిది నెలలకు మూడో డోసు 2023లోనే చేర్చారు. అబార్షన్ చట్టం దగ్గర 20 వారాల దాకా అని ఆపేశారు. 2021 సవరణ ప్రకారం కొన్ని వర్గాల మహిళలకు, ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా ఉంది. ఫోరెన్సిక్ మొత్తం ఐపీసీ సెక్షన్లే. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత 304ఏ స్థానంలో ఇప్పుడు 106. పోలీసుల శవ పంచనామాకి సీఆర్‌పీసీ 174 పోయి బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194 వచ్చింది. ఇదేంటి సార్ అని అడిగితే "చివర్లో అప్‌డేట్ క్లాసు ఉంటుందమ్మా" అన్నారు. ఆ క్లాసు ఒక రికార్డెడ్ వీడియో. అందులోనూ ఐపీసీయే!

క్లాసుల పంపకం కూడా అలాగే ఏడ్చింది. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ కలిపితే 51 మార్కులు. మెడిసిన్ 33, సర్జరీ 32, గైనిక్ 30. కానీ వాళ్ల దగ్గర అనాటమీ సారు ఖాళీగా ఉన్నారు కాబట్టి అనాటమీ వారాల తరబడి సాగింది. పీఎస్‌ఎం ఒక్క వారాంతంలో పరుగులు పెట్టించారు.

కాబట్టి మీరు ఎక్కడ చేరాలనుకున్నా, డబ్బు కట్టక ముందు వాళ్ల ప్రింటెడ్ నోట్సు చేతికి అడగండి. టీబీ చికిత్స, టీకాల షెడ్యూల్, ఫోరెన్సిక్ చట్టాలు, ఈ మూడు పేజీలు తీసి చూడండి. పది నిమిషాల పని. నోట్సు చూపించం, అడ్మిషన్ అయ్యాకే ఇస్తాం అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఒప్పందం కాగితం కూడా ముందే అడిగి ఇంటికి తెచ్చుకుని చదవండి.

ఇంకొకటి, ‘ఒరిజినల్ ప్రీవియస్ పేపర్లు’ అని విడిగా అమ్ముతారు. పరీక్ష పెట్టే ఎన్‌బీఈఎంఎస్ ప్రశ్నపత్రం బయటపెట్టదు. మార్కెట్‌లో దొరికేవన్నీ పరీక్ష రాసి వచ్చినవాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పినవే. టాపిక్ అంచనాకి పనికొస్తాయి, జవాబులు మాత్రం పుస్తకంలో సరిచూసుకోవాలి. ఇక పరీక్ష దగ్గరపడగానే టెలిగ్రామ్‌లో ‘లీక్ పేపర్’ అంటూ మెసేజ్‌లు మొదలవుతాయి. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకే ఒకడు చొరబడి 15 వేలు అడిగాడు. ఒకరిద్దరు పంపారు కూడా. వాడు నంబర్ మార్చి మాయమయ్యాడు. ఇలాంటివాళ్లను నమ్మొద్దని ఎన్‌బీఈఎంఎస్ నోటీసులు ఇస్తూనే ఉంటుంది.

తర్వాతి సెషన్‌కి నేను ఖమ్మంలో ఇంట్లోనే చదివి పాసయ్యాను. ఒకే ప్రశ్నల బ్యాంకు తీసుకుని, తప్పుపోయినవి మళ్లీ మళ్లీ చేశాను. టైమ్ పెట్టుకుని 150 ప్రశ్నలు 150 నిమిషాల్లో రాయడం, కాసేపు ఆగి రెండో భాగం రాయడం ఇంట్లోనే అలవాటు చేసుకున్నాను. పీఎస్‌ఎంకి ఆరోగ్య శాఖ గైడ్‌లైన్స్ నేరుగా చూశాను, అవి ఉచితమే. కోచింగే వద్దనడం లేదు. మా రూమ్‌మేట్‌కి మరో చోట మంచి సర్జరీ క్లాసులు దొరికాయి. వద్దంటున్నది గ్యారంటీ పేరుతో అదనంగా గుంజే ప్యాకేజీలనే.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లకి కొన్ని విషయాలు. సెలెక్షన్ గ్యారంటీ లాంటి తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కోచింగ్ సెంటర్ల కోసం 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. తేలకపోతే మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. సెంటర్ హైదరాబాద్‌లో ఉన్నా మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. మీరు కట్టింది 5 లక్షలు దాటకపోతే కోర్టు ఫీజు ఉండదు. గడువు రెండేళ్లు.

రసీదు, ఒప్పందం కాగితం, ఫ్లెక్సీ ఫోటో, యాప్‌లో మీ హాజరు స్క్రీన్‌షాట్లు ఇప్పుడే దాచిపెట్టుకోండి. మేం రీఫండ్ అడిగిన మర్నాడే నా యాప్ లాగిన్ తీసేశారు. కౌన్సెలర్ వాట్సాప్‌లో "పాస్ కాకపోతే ఫుల్ వాపస్ అంకుల్" అని పెట్టిన మెసేజ్ నాన్న ఫోన్‌లో ఉండబట్టి మా కేసు నిలబడింది.